గోడపట్టు

ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగితే ప్లగ్గొక్కటే రావాలి. ఆ పొద్దున మా పెద్దమ్మ చేతికి ప్లగ్గుతో పాటు సాకెట్టు, దాని వెంట ప్లేటు, ప్లేటు వెనకాల ఇనుప బాక్సు, బాక్సు చుట్టూ ఉన్న ఇటుక పొడి అన్నీ కలిసి వచ్చేశాయి. గోడలో బొక్క మిగిలింది. బాక్సు వైర్ల మీద వేలాడుతోంది. పెద్దమ్మ కేక విని పెదనాన్న పరుగున వెళ్లి మెయిన్ ఆపేశారు కాబట్టి సరిపోయింది.

ఇల్లు బందరులో. గానుగ సున్నంతో కట్టిన పాత మేడ. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి వేసిన మద్రాసు టెర్రస్. 1977 నవంబరు ఉప్పెన నాటి గాలికి కూడా గోడ బీటలివ్వలేదని పెదనాన్న గొప్పగా చెబుతారు. గాలికి నిలబడ్డ గోడని ఉప్పు తినేసింది. సముద్రం పక్క ఊరు, చవుడు నేల. నేలలోని చెమ్మ పునాదిలోంచి ఇటుకల్లోకి ఎక్కుతుంది. చెమ్మతో పాటు ఉప్పూ ఎక్కుతుంది. గోడ మొహాన నీరు ఆరిపోయి ఉప్పు మిగిలిపోతుంది. ఇటుకలోని సన్నటి రంధ్రాల్లో అది పలుకులు కట్టి, ఉబ్బి, ఇటుకని లోపల్నుంచే పగలగొడుతుంది. పైన సిమెంటు ప్లాస్టరింగు చేయిస్తే పొడి కనపడకుండా పోతుంది గానీ చెమ్మ ఆగదు. బయటికి పోయే దారి లేక ఇంకో అడుగు పైకెక్కుతుంది. పెదనాన్న ఇంట్లో జరిగిందదే. నేల మీద అడుగెత్తులో పెట్టించిన సాకెట్లన్నీ సరిగ్గా ఆ ఉప్పు గోడలోనే ఉన్నాయి.

ముందు ఓ కుర్రాణ్ణి పిలిచారు. బొక్కలో పాత పేపర్లు కుక్కి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మెత్తి, చూస్తుండగానే బాక్సు నిలబెట్టి వెళ్లిపోయాడు. చూడ్డానికి బాగానే ఉంది. చెమ్మగోడలో ఆ ప్లాస్టరు ఎంతకాలం ఆగుతుంది? నెల తిరక్కుండానే మెత్తబడింది. బాక్సుకి తుప్పు మొదలైంది. ప్లగ్గు పెట్టినప్పుడల్లా ప్లేటు లోపలికి నొక్కుకుపోవడం, తీసినప్పుడల్లా బయటికి రావడం.

హార్డ్‌వేర్ షాపాయన ఒక మేస్త్రీని పంపించాడు. "పాత గోడలకి ఆయనేనండీ. పని నిదానం. కానీ మళ్లీ పిలవక్కర్లేదు" అన్నాడు.

మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. గేటు పక్కన పెదనాన్న పేరున్న పలకని కాసేపు చూసి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. సంగతంతా పెద్దమ్మ చెప్పింది. ఆయన మొదట అడిగిన మాట గోడ గురించి కాదు.

"చేతికేమన్నా అయిందా అమ్మా?"

"లేదు నాయనా, ఒళ్లు ఝల్లుమంది అంతే. ఈయన వెంటనే ఆపేశారు."

"అదృష్టమమ్మా" అన్నాడు.

మెయిన్ ఆపి, ఫ్యూజు కట్టలు పీకి జేబులో వేసుకున్నాడు. ఎవరో తెలియక మళ్లీ స్విచ్చి వేస్తారన్న భయం ఆయనకి. ఆ తర్వాత కూడా టెస్టరుని నమ్మకుండా, వైర్లకి బల్బు కట్టిన టెస్టు ల్యాంపు పెట్టి చూశాకే చెయ్యి వేశాడు. స్క్రూడ్రైవరు కొసతో ఇటుకల సందులో గీశాడు. సున్నం ఇసుకలా జలజలా రాలింది. ఇంకాస్త పైన గీశాడు. అక్కడా రాలింది. అలా గీసుకుంటూ పైకి వెళ్లి, గుండె ఎత్తుకి వచ్చాక ఆగాడు. అక్కడ స్క్రూడ్రైవరు దిగలేదు. పిడితో తడితే ఖంగుమంది.

"ఉప్పు ఇక్కడి దాకా ఎక్కిందండి. దీని కింద ఎన్నిసార్లు బిగించినా ఊడేదే. సాకెట్లు నాలుగడుగుల ఎత్తుకి మార్చేద్దాం. పైపు కింద నుంచి కాకుండా పైనుంచి దించుతాను."

పెదనాన్నకి ఖర్చు పెరిగింది. అయినా సరేనన్నారు. పెద్దమ్మ కేక ఇంకా ఆయన చెవుల్లో ఉంది.

మూడు చోట్ల కొత్త బాక్సులు రావాలి. రెండింటికి గట్టి ఇటుకే దొరికింది. మూడోది, వంటింటి పక్క గోడలోది, మొండికేసింది. అక్కడ నాలుగడుగుల ఎత్తులో కూడా ఒక ఇటుక గుల్లబారి ఉంది. దాని పని నేను దగ్గర కూర్చుని చూశాను.

కట్టరుతో బాక్సు కొలతకి నాలుగు వైపులా సన్నగా కోశాడు. ఒక్కసారే లోతుకి పోకుండా కొంచెం కొంచెంగా దిగాడు. డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపేసి వట్టి తిప్పుడే వాడాడు. ఆ దెబ్బ పడితే పగిలేది ఆ ఒక్క ఇటుకే కాదు, చుట్టుపక్కల నాలుగు ఇటుకల సందులూ వదులైపోతాయట. గుల్ల ఇటుకని ఉలితో ముక్కలు ముక్కలుగా తీసేశాడు. కదిలేదేదీ లోపల ఉంచలేదు. బాక్సుకి కావలసిన దానికి రెండింతల గుంట అయింది.

"ఇంత పెద్దదైతే ఇంకేం నిలబడుతుంది?" అన్నారు పెదనాన్న.

"గుంట పెద్దదైతే భయం లేదండి. గుంట అంచు గట్టిదైతే చాలు. మెత్తటిది వదిలేసి చిన్న గుంట తవ్వితేనే ఊడేది."

అప్పుడు సంచీలోంచి అంగుళం వెడల్పు ఇనుప పట్టీ తీశాడు. గుంటకి అడ్డంగా, ఇటు గట్టి ఇటుకనీ అటు గట్టి ఇటుకనీ అందుకునేంత పొడవు కోశాడు. పట్టీ కొసలు గోడలోకి కూర్చునేలా రెండు గాళ్లు చెక్కాడు. ఒక్కో ఇటుక సరిగ్గా నడిమధ్యన, సున్నం సందులో కాకుండా, బెజ్జం వేసి, పొడి ఊది, రావల్‌ప్లగ్గు దించి, పొడుగాటి మర బిగించాడు. బాక్సు వీపుని ఆ పట్టీకి రెండు బోల్టులతో కట్టాడు. ఇంకా మాలు పడనేలేదు. బాక్సు పట్టుకుని నన్ను లాగి చూడమన్నాడు. లాగాను. కదల్లేదు.

"బాక్సుని మాలు మొయ్యకూడదండి. గోడ మొయ్యాలి. మాలు చుట్టూ నిండితే చాలు."

ఆ తర్వాత బ్రష్షుతో గుంటలో పొడంతా దులిపి, చెంబుడు నీళ్లు తెప్పించి గోడని తడిపాడు. పీల్చేసింది. మళ్లీ తడిపాడు. పొడి ఇటుక మాలులోని నీళ్లు తాగేస్తే మాలు గట్టిపడకుండా పిండైపోతుందని చెప్పాడు. మాలు కూడా వట్టి సిమెంటుతో కలపలేదు. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. ఇసుక ఏటిదే కావాలన్నాడు. సముద్రపొడ్డు ఇసుకైతే మళ్లీ ఉప్పుని మన చేత్తో మనమే లోపల పెట్టినట్టే. సున్నపు గోడకి మరీ గట్టి సిమెంటు పెడితే అది గోడతో కలవదు, ఎక్కడో ఒకచోట అతుకు విడిపోతుంది. గోడ మెత్తదనాన్ని బట్టి మాలు ఉండాలి.

బాక్సు లోపల థర్మాకోలు ముక్క బిగించాడు, మాలు దిగకుండా, బాక్సు నొక్కుకుపోకుండా. మరలు పట్టే చెవుల బెజ్జాలకి టేపు అంటించాడు. రసమట్టం పెట్టి సరిచూశాడు. బాక్సు అంచు పైపూత పూశాక గోడతో సమానంగా రావాలి. లోతుకి పోతే ప్లేటు మరలు అందవు, బయటికి పొడుచుకొస్తే ప్లేటు వెనక సందు మిగిలి బల్లులు, చీమలు దూరతాయి. చిన్న చిన్న ఇటుక పెంకులు మాలులో ముంచి చుట్టూ కూరుతూ, బొటనవేలితో అదిమి, ఎక్కడా గాలి సందు మిగలకుండా నింపాడు.

మధ్యలో టీ ఇస్తే అరుగు మీద కూర్చుని తాగాడు. ఇంటినుంచి ఫోనొచ్చింది. "ఆ... ఇవాళ ఇంకోసారి అడిగి చూడండి" అని మెల్లగా ఏదో చెప్పి పెట్టేశాడు.

పెదనాన్న పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయనకి పనిమంతులంటే గౌరవం. మాటల్లో పడ్డారు. బాక్సు వదులైతే అసలు ప్రమాదమేమిటని అడిగారు.

"బాక్సు కదిలితే వైరు కదులుతుందండి. వైరు కదిలితే మర దగ్గర పట్టు వదులవుతుంది. పట్టు వదులైన చోట వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కాలుతుంది, నిప్పురవ్వ వస్తుంది. ఇంకోటేమంటే, బాక్సు అంచు ఇనుముది. కదిలినప్పుడల్లా వైరు తొడుగుని కోస్తూ ఉంటుంది. ఒకనాటికి రాగి బయటపడి బాక్సుకి తగులుతుంది. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది, బతికిపోతాం. ఎర్తు లేకపోతే ఏమీ పోదు. కరెంటు అలాగే బాక్సులో కాచుకుని ఉంటుంది, ఎవరో వచ్చి పట్టుకునేదాకా."

పాత వైరింగులో ఎర్తు లేదు. పెదనాన్న అప్పటికప్పుడే నిర్ణయించుకున్నారు. పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంట, ప్రతి బాక్సులోని ఎర్తు మరకీ పచ్చ వైరు, మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మన దేశంలో కరెంటు షాకుతో ఏటా పదివేల మందికి పైగా పోతున్నారని పేపర్లో చదివానని, ఇంట్లో ఆడవాళ్లు తిరిగే చోట పైసలకి చూసుకోకూడదని నాతో అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఇంట్లోవాళ్లంటే ఆయనకి ప్రాణం.

"మీకు వేరే ఇళ్లు కూడా ఉన్నాయంటారు కదండీ. అవీ ఇలాంటి గోడలేనా?" మేస్త్రీ మాలు అదుముతూనే అడిగాడు.

"ఊరి చివర లైను ఇళ్లున్నాయయ్యా. ఎనిమిది పోర్షన్లు. అంతకంటే పాత ఇటుకే. అద్దెకిచ్చినవి, నేను వెళ్లి చూసి ఏళ్లయింది. గుమాస్తా చూసుకుంటాడు, అద్దె బ్యాంకులో పడుతుంది. ఒకటే షరతు పెట్టాను, అగ్రిమెంటులోనే రాయించాను. గోడకి మేకు కూడా కొట్టకూడదు. లేకపోతే గోడలు మిగలనివ్వరు."

మేస్త్రీ తలూపాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, మాలు పైపూత వేస్తుండగా పెదనాన్న ఫోను మోగింది. గుమాస్తా. పెదనాన్న స్పీకరు పెట్టుకుని మాట్లాడటం అలవాటు.

"మూడో పోర్షన్ వాళ్లు మళ్లీ అడుగుతున్నారండి. సాకెట్టు బాక్సు ఊడిపోయిందట, షాకు కొడుతోందట. మీరేం ఖర్చు పెట్టక్కర్లేదు, సొంత డబ్బుతో మేమే గోడ చెక్కి పెట్టించుకుంటాం, పర్మిషన్ ఇస్తే చాలంటున్నారు."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? ఒకరికి ఒప్పుకుంటే ఎనిమిది మందీ మొదలెడతారు. ఆ గోడ చెక్కితే నిలుస్తుందా? పెచ్చులూడితే ఎవడు కట్టిస్తాడు? ఊడిన దాన్ని టేపేసి అంటించుకోమను. ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యమను."

ఫోను పెట్టేశాక పెదనాన్న గోడ వైపు తిరిగారు. మేస్త్రీ చెయ్యి తాపీ మీద ఆగి ఉంది.

"ఏమయ్యా, ఇది ఊడదుగా?"

"ఊడదండి" అన్నాడు. మళ్లీ పని మొదలెట్టాడు. ఇంకా శ్రద్ధగా చేశాడనే చెప్పాలి. పూత అంచుని తడిగుడ్డతో తుడిచి నున్న చేశాడు. రోజూ రెండు పూటలా గోడ మీద నీళ్లు చల్లమని, తను చెప్పేదాకా సాకెట్లు పెట్టొద్దని పెద్దమ్మకి అప్పజెప్పి వెళ్లాడు. సున్నం కలిసిన మాలు కదా, తొందరపడితే పట్టు రాదు.

వారం గడిచాక వచ్చాడు. థర్మాకోలు తీసి, వైర్లు లాగి, ఎర్తు కలిపి, సాకెట్లు బిగించాడు. ఆర్‌సీసీబీ టెస్టు బటను నొక్కితే టక్కున పడిపోయింది. నెలకోసారి ఇలా నొక్కి చూసుకోండమ్మా అన్నాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెద్దమ్మ చేతే పెట్టించి, ఆమె చేతే తీయించాడు. ప్లగ్గొక్కటే వచ్చింది. ప్లేటు వెంట్రుకవాసి కదల్లేదు.

పెదనాన్న సంబరం ఇంతా అంతా కాదు. లెక్క చూసి, పైన ఇంకో వెయ్యి కలిపి చేతిలో పెట్టారు. మేస్త్రీ ఆ వెయ్యి వేరుచేసి బల్ల మీద పెట్టాడు.

"ఉంచుకోవయ్యా, సంతోషంగా ఇస్తున్నాను. చాలదంటే చెప్పు, ఇంకేం కావాలో అడుగు."

"డబ్బు వద్దండి. ఒక పర్మిషన్ ఇప్పించండి చాలు."

"దేనికి?"

"గోడకి మేకు కొట్టుకోడానికండి."

"ఏ గోడకి?"

"మీ గోడకేనండి. లైను ఇళ్లలో మూడో పోర్షన్ మాదే."

పెదనాన్న ఏదో అనబోయి ఆగిపోయారు. మేస్త్రీ గొంతు పెంచలేదు. బందరంతా బాక్సులు బిగించే తన ఇంట్లో, ఊడిన బాక్సుని కిటికీ చెక్కకి నవారుతో కట్టి ఉంచానన్నాడు. ఎర్తు లేదన్నాడు. కిందటి నెల భార్య ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీయబోతే బాక్సంతా చేతిలోకి వచ్చి అరచెయ్యి కాలిందని, కుట్టుపని ఆగిపోయిందని చెప్పాడు. మొన్న భోజనాలయ్యాక గుమాస్తా చేత ఫోను చేయించింది ఆమేనన్నాడు.

"నేనా మాటన్నప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదయ్యా" అన్నారు పెదనాన్న, చాలాసేపటికి. "విని కూడా నా గోడకి ఇంత గట్టిగా ఎలా బిగించావు?"

"వదులుగా బిగిస్తే పట్టుకునేది మీరు కాదు కదండీ, అమ్మగారు" అన్నాడు మేస్త్రీ.

అద్దెకిచ్చిన గోడలున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలనే రాస్తున్నాను. 2021లో కేంద్ర ప్రభుత్వం రూపొందించిన నమూనా అద్దె చట్టం స్విచ్చులు, సాకెట్ల మరమ్మతు అద్దెదారు మీద పెట్టింది. కట్టడం మరమ్మతూ, ఇంటి వైరింగూ మాత్రం యజమాని బాధ్యతల్లోనే చేర్చింది. గోడ పొడైపోయి బాక్సు ఊడితే అది సాకెట్టు జబ్బు కాదు, గోడ జబ్బు. ఈ వారంలోనే మీ అద్దె ఇంటికి ఒకసారి వెళ్లండి. మెయిన్ ఆపి, ప్రతి సాకెట్టునీ పట్టుకుని కదిపి చూడండి. కదిలితే, దాన్ని బాగుచేయించాల్సింది మీరే.